తీసే ఉన్న తలుపు

మా జైలుకు గోడ లేదు. నడుమెత్తు కంచె ఉండేది. మేకలు రోజూ దాన్ని దాటొచ్చి మా వంకాయ మొక్కలు మేసి పోయేవి. మేం దాటేవాళ్ళం కాదు. దాటితే మళ్ళీ గోడ ఉన్న జైలుకు పంపుతారు. గోడ ఉన్నచోట పారిపోవాలని హాయిగా కలలైనా కనొచ్చు. కంచె దగ్గర ఆ ధైర్యం కూడా ఉండదు.

నేను అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల మధ్య ఒక మూడో అంతస్తు గదిలో కూర్చుని, అనుభవం లేనివాళ్ళకు అనుభవం సర్టిఫికెట్లు తయారుచేసి ఇచ్చేవాణ్ణి. కోర్టు నాకు అసలైన అనుభవం ఇప్పించింది. జైల్లో నా పేరే 'సర్టిఫికెట్' అయిపోయింది.

నడవడి బాగుందన్న పదకొండు మందిని రోజూ వ్యాన్లో తెచ్చి పంజాగుట్ట దగ్గర పెట్రోల్ బంకులో పనికి దింపేవారు. కష్టాలంటారా, చెప్పుకుంటే పరువు పోయేంత చిన్నవి. వ్యాన్లో ఇనుప బెంచీ. ముగ్గురికి ఒకే సబ్బు. అన్నంలో పెట్రోల్ వాసన. నాకిచ్చిన బూట్లు రెండూ ఎడమకాలివే. "సార్, జీరో చూస్కోండి" అని పొద్దంతా అనీ అనీ నిద్రలో కూడా అనేవాణ్ణట. "చూసిన, పండుకోరా" అని పక్క మంచం మీంచి కాకా జవాబిచ్చేవాడు.

కాకా పధ్నాలుగేళ్ళు గోడ లోపల ఉండి మా దగ్గరికొచ్చి నెల కూడా కాలేదు. ఎందుకొచ్చాడో అడగలేదు. అక్కడ అది అడగరు. బంకు బాత్రూముకు వెళితే తలుపు వేసుకునేవాడు కాదు. "నీ దర్శనం మాకెందుకు కాకా" అని అందరం తిట్టేవాళ్ళం. వాళ్ళ ఇల్లు బల్కంపేటలో, ఎల్లమ్మ గుడి వెనక సందులో. బంకు నుంచి కాస్త నడిస్తే చాలు. గాలి కొట్టే మిషన్ దగ్గర నిలబడి అటే చూసేవాడు. ఆషాఢం వచ్చి బోనాల డప్పులు మొదలయ్యాక చూడటం మానేశాడు. దాంతో నాకు ఇంకా భయం వేసింది.

ఎందుకంటే ఒకడు పారిపోతే మొత్తం బ్యాచ్‌ను గోడ లోపలికి పంపేస్తారు. శిక్షలో తగ్గించిన రోజులన్నీ మళ్ళీ కలుపుతారు. నాకు మిగిలింది పందొమ్మిది రోజులు. కలిపితే ఆర్నెల్లు.

బోనాల ఆదివారం సాయంత్రం వ్యాన్ ముందు గింతీకి నిలబడ్డాం. గింతీ అంటే తలల లెక్క. వార్డరు లెక్కపెట్టాడు. పది. మళ్ళీ లెక్కపెట్టాడు. పదే.

"కాకా ఏడి?"

బల్కంపేట వైపు నుంచి డప్పుల చప్పుడు.

"సార్, జీరో చూస్కున్నరా? మళ్ల మొదట్నుంచి లెక్కవెట్టుండ్రి," అన్నాను.

"నోర్మూయ్‌రా సర్టిఫికెట్!"

"గాయన ఇల్లు గీడనే గద సార్," అన్నాడు నా వెనకవాడు మెల్లగా. "పోయిండు. మనందర్ని ముంచి పోయిండు."

వార్డరు ఫోన్ తీశాడు.

"జర ఆగుండ్రి సార్. నేను చూసొస్త."

"నువ్వు సుత పోదామనా?"

"రెండు ఎడమ బూట్లేస్కొని ఎంత దూరం పోత సార్?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "ఐదు నిమిషాలు. గంతే."

ఆయిల్ డబ్బాల గదిలో లేడు. మిషన్ వెనక లేడు. బాత్రూము తలుపు మూసి ఉంది. కింద సందులోంచి రెండు బూట్లు కనిపించాయి. తలుపు వైపే తిరిగి ఉన్నాయి. కదలడం లేదు.

తోశాను. గొళ్ళెం లేదు, వెంటనే వచ్చేసింది. కాకా చేతులు వెనక్కి కట్టుకుని, గింతీకి నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు.

"ఏం జేస్తున్నవ్ కాకా?"

"గాలికి తలుపు పడ్డది. తీస్తరని చూస్తున్న."

"ఎవరు?"

"ఎవలో ఒకలు."

"ఎప్పట్నుంచి?"

"బువ్వ తిన్నంక వచ్చిన."

"లోపల్నుంచి గుంజితే వస్తది గద."

తలుపు పిడి వైపు చూశాడు. "వస్తదా?"

వార్డరు పదకొండు రాసుకున్నాడు. వ్యాన్లో అందరూ నా వైపే చూశారు, ఏదో ఒకటి అంటానని. బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాను.

విడుదలైన మర్నాడు బల్కంపేట వెళ్ళాను. కాకా దసరాకు విడుదలై వస్తాడు. అతని భార్య మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. లేచి చాయ్ పెట్టిచ్చింది.

"చిన్నమ్మా, కాకా వచ్చినంక తలుపులు దగ్గరికెయ్యకుండ్రి," అన్నాను.

"దోమలొస్తయి బిడ్డా. అయినా మూస్తేంది, తీస్కోడా? చిన్నపిల్లగాడా?"

"గదీ నిజమే," అని నవ్వేశాను. ఆమె మళ్ళీ మిషన్ ముందు కూర్చుంది. గ్లాసు కింద పెట్టి లేచాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. దాని ముందు నిలబడ్డాను.

ఎంతసేపో తెలీదు. నా వెనక మిషన్ చప్పుడు ఆగింది. ఆమె వచ్చి, నా పక్కనుంచి చెయ్యి చాపి తలుపు లాగింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఆయన సుత గిట్లనే నిలవడ్తున్నడా?"