సునీత సీసాలో మొలిచిన తామర

మా చిన్నప్పుడు... ఆరో తరగతిలో, సైన్సు మేష్టారు ఎండిన తామర కాయ పట్టుకొచ్చి, వొలిచి, మాకు తలో గింజా ఇచ్చారు. నల్లగా, గోలీకాయంత గట్టిగా ఉందది!

"ఊరికే నీళ్ళల్లో పడేస్తే ఏళ్ళ తరబడి అలాగే ఉంటుందర్రా. గుంట ఉన్న వైపు గరుకు రాయి మీద అరగదియ్యండి. లోపల పప్పు తెల్లగా కనపడగానే ఆపెయ్యాలి" అన్నారాయన.

నాకు ఓపికెక్కడిది... మా రాజోలు ఇంట్లో సిమెంటు గట్టు మీద బరబరా రుద్దేశాను. పప్పు సగం పిండైపోయింది. నా పక్కన కూర్చునే సునీత మాత్రం సన్నికల్లు మీద రెండు రోజులు నెమ్మదిగా అరగదీసిందట.

అందరం ఇంటి నుంచి పచ్చడి సీసాలు తెచ్చి, అన్నం మెతుకులతో పేర్లు అంటించి, గింజలు నీళ్ళల్లో వేసి క్లాసు కిటికీలో వరసగా పెట్టాం. ఎవరి గింజ మొదట మొలిస్తే వాళ్ళే దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి పెంచుకోవచ్చన్నారు మేష్టారు.

సోమవారం అందరికంటే ముందు బడికి వెళ్ళాను. సునీత సీసాలో గింజ విచ్చుకుని పచ్చటి మొలక వచ్చింది. నాది ఉబ్బి, నీళ్ళు కంపు కొడుతున్నాయి. ఒళ్ళు మండిపోయింది. చుట్టూ ఎవరూ లేరు... చెయ్యి పెట్టి రెండు గింజలూ మార్చేశాను.

మేష్టారు సునీత సీసా ఎత్తి చూశారు. "ఇంతలా అరగదీసేసేవేంటమ్మా? మొక్కలకి చేతిలో ఓపికుండాలి."

"కొంచెమే తీసేనండి..." అని ఆగిపోయింది. ఆ గింజ వంక చాలాసేపు చూసింది. "ఆయ్... ఎక్కువైపోయిందేమోనండి" అంది.

నేను తల వంచుకుని పుస్తకం తిరగేస్తున్నాను. ఛీ... నా బతుకు!

ఆ మొక్క మా పెరట్లో సిమెంటు తొట్టెలో పెరిగింది. రెండో ఏడు పువ్వు పూసింది. సునీత ఆదివారాలు చర్చి నుంచి వస్తూ ఆగి చూసుకునేది. "నీ చెయ్యి మంచిదే" అనేది. నేను సిగ్గు లేకుండా నవ్వేదాన్ని.

మొన్న ఊరెళితే బస్టాండులో కనిపించింది. ఇప్పుడు తనే టీచరు. "మీ బళ్ళో మొక్కలు బాగా పెంచుతున్నారటగా" అన్నాను.

"ఆ పని వేరే టీచరుగారికి ఇచ్చేసేనే. నా చేతికి మొక్క బతకదు, నీకు తెలుసుగా... ఆనాడు తామర గింజే కుళ్ళబెట్టేసేను. అప్పట్నుంచి ఒక్క విత్తనం కూడా ముట్టుకోలేదు" అని నవ్వింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. ఇంతలో అమలాపురం బస్సు వచ్చింది. అది వంక మాత్రమే... చెప్పే ధైర్యం లేక ఎక్కేశాను.

ఇప్పుడు తామర గింజలు ప్యాకెట్లలో అమ్ముతున్నారు. ఎంత అరగదియ్యాలో ఫోన్‌లోనే చూపిస్తున్నారు. చెడినా ఇంకోటి వేసుకోవచ్చు. మాకు తలా ఒక్కటే గింజ ఉండేది... నేను సునీతది కాజేశాను.

మీలో ఎవరికైనా ఇలా గొంతులో ఉండిపోయిన మాట ఉంటే కింద రాసెయ్యండి. నాది ఇదిగో, ఇంతమంది ముందు...

సునీతా, కుళ్ళిపోయిన గింజ నాదే. మొలిచింది నీది.