మూడొందల వోల్టుల లెక్క

మా కాలంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసైనవాడంటే అడవి అంచు ఊళ్ళల్లో సగం డాక్టరు. దమ్మపేట చుట్టుపక్కల పది ఊళ్ళల్లో ఏ మోటారు మూలిగినా నన్నే పిలిచేవారనీ, నా చెయ్యి తగిలితే చాలు గిర్రున తిరిగేదనీ మనవలకు చెబుతుంటాను. (పది ఊళ్ళు కావు, ఒక్కటే. అదీ మా మేనమామ ఊరు. పిలిచింది కూడా మామే.) ఆ మామ మోటారు కాలిన సంగతి వస్తే మాత్రం బల్లి కథ ఎత్తుకుంటాను. స్టార్టరు డబ్బాలో బల్లి పడిందనీ, నేను దూకి మెయిను తీయకపోతే ఊరంతా తగలబడేదనీ. ఇన్నేళ్ళలో ఆ బల్లి పెరిగి పెరిగి ఉడుమంత అయింది. డెబ్బై దాటాక అబద్ధాన్ని మేపడం కష్టంగా ఉంది, చెప్పేస్తున్నా. బల్లి లేదు.

ఉన్నది ఎకరన్నర మిరప, పూత మీద. దానికి ఆధారం ఒక్క బావి, బావి గట్టున అయిదు హెచ్‌పీ మోటారు. కరెంటు పగలు కొన్ని గంటలే ఇచ్చేవారు. రాగానే ఊరంతా ఒకేసారి మోటార్లు వేసేది, నాలుగొందలుండాల్సిన వోల్టేజీ మూడొందలకు దిగిపోయేది. మామకు మీటర్లతో పనిలేదు. మోటారు మీద అరచెయ్యి ఆనించి కాసేపు వినేవాడు. "ఏడుస్తున్నదిరా" అని ఆపేసేవాడు. అలా ఆపగా ఆపగా చివరి సాళ్ళకు నీళ్ళందక ఆకులు ముడుచుకుంటున్నాయి. అత్త నన్ను చూసి, "సదువుకున్నోడివి, నువ్వన్నా జెప్పు. మీ మామ మోటరును బాలింత లెక్క సూస్కుంటున్నడు" అంది.

నాకు అంతకంటే ఏం కావాలి? సుద్దముక్క తీసి స్టార్టరు డబ్బా తలుపు మీదే లెక్క మొదలుపెట్టా. మంచి కరెంటున్నప్పుడు నాలుగొందల వోల్టులు, ఎనిమిది ఆంపియర్లు. భాగిస్తే నిరోధం యాభై ఓములు, గుణిస్తే పవరు మూడువేల రెండొందల వాట్లు. ఇప్పుడున్న మూడొందల్ని అదే యాభైతో భాగిస్తే ఆరు ఆంపియర్లు, పవరు పద్దెనిమిది వందల వాట్లు. (మూడు ఫేజులకు లెక్క వేరే ఉందని గుర్తే రాలేదు. అది చిన్న తప్పు. పెద్దది ముందుంది.)

"సూడు మామా, వోల్టేజీ తగ్గితే కరెంటు గూడ తగ్గుతది. సగం తినేటోనికి అజీర్తి అయితదా?"

"మరి ఏడుస్తున్నదేందిరా?"

"అది ఏడుపు గాదు మామా, గురక."

మామ నవ్వలేదు. చదువు రాకపోయినా ఆ అంకెల వంక చాలాసేపు చూశాడు. "నువ్వంటే గట్లనే కానియ్యి అల్లుడా" అన్నాడు.

మోటారు వేశాం. కాసేపటికి స్టార్టరు టక్కున దానంతట అదే పడిపోయి మోటారు ఆగింది. మళ్ళీ వేశాం, మళ్ళీ పడింది. మోటారు మితిమీరి కరెంటు లాగితే కాపాడటానికే అలా పడుతుందని పాఠం చదివినవాణ్ణే. కానీ లెక్క ప్రకారం మితిమీరడం కుదరదు కదా! జబ్బు స్టార్టరుదేనని తేల్చి, వేపపుల్ల విరిచి, పడకుండా లోపల ఆనించా. ఇంకా ఘోరం వినండి. తీగను పటకారులా పట్టుకుని ఎంత కరెంటు పోతోందో చెప్పే టాంగ్ టెస్టరు నా చేతిలోనే ఉంది. పట్టించా. పదకొండు ఆంపియర్లంది. దులిపి మళ్ళీ పట్టించా. పన్నెండంది.

"ఏమంటున్నది నీ డబ్బ?"

"ఇది ఖరాబైంది మామా."

హీటరైతే నా లెక్క వినేది. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గించుకుని ఊరుకునేది. మోటారు అలా ఊరుకోదు. నెత్తిన నీళ్ళ బరువుంటుంది కాబట్టి బలం తగ్గినకొద్దీ ఇంకా ఎక్కువ కరెంటు లాగి ఈడ్చాలని చూస్తుంది, లోపల్లోపలే కాలిపోతుంది. ఈ ముక్క నాకు తెలిసొచ్చేసరికి మోటారు లోపలి తీగచుట్ల మీది వార్నీషు కాలిన వాసన మిరప చేనంతా పరుచుకుంది.

చుట్టుపక్కల రైతులు ఉరికొచ్చారు. ఏమైందంటే ఏమైందన్నారు. నా నోట్లోంచి బల్లి ఊడిపడింది. అప్పటికే మామ డబ్బాలోంచి మాడిన వేపపుల్ల తీసి చేత్తో పట్టుకున్నాడు. అందరూ ఆయన వంక చూశారు. ఆయన నా వంక చూశాడు. "అవ్, బల్లే. నేన్ సూసిన" అని, పుల్లను బీడీలా చెవి మీద పెట్టుకున్నాడు.

కొత్తగూడెంలో కాలిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ షాపు ముందు మాకంటే ముందొచ్చిన మోటార్లు బారులు తీరి ఉన్నాయి. మాది తిరిగొచ్చేసరికి పది రోజులు దాటింది. ఈలోగా అత్తా మామా బావిలోంచి నీళ్ళు చేది బిందెలతో మోసి రెండు సాళ్ళు బతికించారు. మిగతా పూత రాలి మట్టిలో కలిసింది. నేను తలెత్తలేక గట్టు మీద కూర్చుంటే మామ వచ్చి పక్కన చతికిలబడ్డాడు. "నీ లెక్క తప్పు గాదురా అల్లుడా. మోటరు సదువుకోలే, గంతే." ఆ వేసవి ఆయన కొత్తగూడెంలో బొగ్గు లారీలు నింపే కూలికి పోయాడు. నేను చూడటానికి వెళ్తే మనిషి సగమయ్యాడు, తట్టలు మాత్రం అందరికంటే ఎక్కువ మోస్తున్నాడు. అక్కడ భాగించడానికీ గుణించడానికీ నాకు ధైర్యం చాలలేదు.

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నా వోల్టేజీ మూడొందలక్కూడా రాదు. మందుల కోసం ఖమ్మం పోయి దవాఖానా మెట్లెక్కుతుంటే లోపల ఏదో మూలుగుతుంది. మధ్యలో ఆగి, ఛాతీ మీద అరచెయ్యి ఆనించి వింటాను. మామైతే ఈపాటికి ఆపేసేవాడు. నేను మాత్రం, గురకేలే అనుకుని, ఇంకో మెట్టు ఎక్కుతాను.