ఏడో నంబరు గాజు

ఆఫీసులో అందరూ అతన్ని గుంజ అనేవారు. అనేవాళ్ళకి అది వెక్కిరింత, అతనికి మాత్రం బిరుదు. ఇరవై ఆరేళ్ళుగా అతను చేసే పని ఒక్కటే. తల మీద గాజు ప్రిజం బిగించిన పొడుగాటి కర్రను ఇంజనీరు చూపించిన చోట నిటారుగా పట్టుకుని కదలకుండా నిలబడతాడు. దూరంగా మూడుకాళ్ళ స్టాండు మీద సర్వే మిషను ఉంటుంది. అది కంటికి కనబడని వెలుగును విసురుతుంది, ప్రిజం దాన్ని తిప్పి పంపుతుంది, వెళ్ళి వచ్చిన తీరును బట్టి మిషను దూరం లెక్కగడుతుంది. మిషను దగ్గర ఉన్నవాడికి కుర్చీ, గొడుగు, టీ. కర్ర దగ్గర ఉన్నవాడికి ఎండ.

అసలు అతను చేరింది పొదలు కొట్టే కూలీగా. మిషనుకి అడ్డమొచ్చే కొమ్మలు నరుకుతుండగా ఒకరోజు కర్ర పట్టేవాడు రాలేదు, ఇతన్ని నిలబెట్టారు. ఆ రోజు కొలతలన్నీ గీత గీసినట్టు వచ్చాయట. అప్పటి ఇంజనీరు వీపు తట్టి, నీ అంత నిలకడ ఎవడికీ లేదన్నాడు. పాపం ఆయన మామూలుగా అన్న మాటే. అది ఇతని నెత్తికెక్కి కూర్చుంది, మళ్ళీ దిగలేదు.

ఎండకి అతను ఏడ్చిందేమీ లేదు. ఏడవడానికి తీరికుంటేగా, లోకాన్ని చిన్నచూపు చూడటానికే రోజు చాలేది కాదు. మీట నొక్కడం కోడిపిల్లకి కూడా వస్తుందని అతని అభిప్రాయం. కర్ర మీది నీళ్ళబుడగను గుండ్రటి గీత మధ్యలో నిలబెట్టి అయిదు నిమిషాలు ఉండమంటే మాత్రం ఈ చదువుకున్న మహానుభావులు ఈగలు తోలుకుంటూ ఊగిపోతారు. పెద్దసారునైతే మనుషుల లెక్కలోనే వేసేవాడు కాదు. ఆయన సంతకానికి ఎంత తోక ఉందో బుర్రలో అంత ఖాళీ ఉందనేవాడు. బావమరిది, పక్కింటి మేష్టారు, బస్సు కండక్టరు, ఒకళ్ళని కాదు. అద్దమంటే తల దువ్వుకునేదనుకునే వాళ్ళందరూ అతని దృష్టిలో ఒకటే జాతి.

"రిఫ్లెక్టరు లేకపోతే మీ బతుకేముంది?" అని టీకొట్టు దగ్గర మొదలుపెట్టేవాడు. టార్చిలైటులో బల్బు వెనకాల మెరిసే గిన్నె తీసేస్తే వెలుగు చుట్టూ ఒలికిపోతుంది తప్ప దారి కనబడదు. మేడల మీద తిరగేసిన గొడుగులా ఉండే డిష్ ఆకాశం నుంచి వచ్చే నీరసపు తరంగాలను పోగుచేసి ఒక్కచోటికి తెస్తేనే టీవీలో బొమ్మ. నక్షత్రాలను చూసే పెద్ద దుర్భిణుల్లో ఉండేది కూడా వంపు అద్దమే. సైకిలు వెనక ఎర్రబిళ్ళలో బల్బు ఉంటుందనుకునే బావమరిదిని తలుచుకుని అతను నెత్తి కొట్టుకునేవాడు. చంద్రుడి మీదికి మనుషులు వెళ్ళినప్పుడు ఇలాంటి ప్రిజాలే పెట్టి వచ్చారు. ఇక్కణ్ణుంచి లేజరు కొట్టి కొలిస్తే, చంద్రుడు ఏటా నాలుగు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా దూరం జరుగుతున్నాడని తేలింది. అక్కడ కర్ర పట్టుకునే పని లేదు గనకే తనను తీసుకెళ్ళలేదని ముక్తాయించేవాడు.

కొత్తగా చేరినవాళ్ళకి ఇంకో పాఠం ఉండేది. బంతిని గోడకి ఏటవాలుగా కొడితే అవతలి పక్కకి పోతుంది, మామూలు అద్దం వెలుగుని చేసేదదే. రెండు గోడలూ నేలా కలిసే మూలకి కొడితే మూడింటికీ తగిలి కొట్టినవాడి దగ్గరికే వస్తుంది. ఈ ప్రిజం వెనక మూడు ముఖాలు అలా మూలలా కలుస్తాయి, అందుకే ఎటునుంచి వచ్చిన వెలుగు అటే పోతుంది. చెప్పడం అయ్యాక ప్రిజం చేతికిచ్చి ఒక కన్ను మూసుకుని చూడమనేవాడు. ఎటు తిప్పినా నడిమధ్యలో చూసేవాడి కన్నే కనబడుతుంది, మొహం మాత్రం తలకిందులు. పెద్దసారు దీన్ని అరగంట చూశాడనీ, తను తప్ప ఇంకేమీ కనబడకపోయేసరికి తెగ మురిసిపోయాడనీ చెప్పి కడుపుబ్బ నవ్వేవాడు.

అతన్ని చిన్నచూపు చూసే హక్కు లోకంలో ఒక్కరికే ఉండేది, అక్కకి. తల్లి పోయాక ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో, ఒక కుట్టుమిషనుతో కొండ కింది వరస ఇళ్ళలో ఒంటరిగా ఉండేది. కర్ర పట్టుకుని నిలబడటానికి ఇంత పొగరేంట్రా అనేది. గొర్రెలు కాసేవాడూ అదే పని చేస్తాడు, వాడు పాపం నోరు మూసుకుని చేస్తాడు అనేది. పెళ్ళాం ఆ మాటంటే ఇల్లెగిరిపోయేది. అక్క అంటే గుంజ తల వంచుకుని టీ తాగేవాడు.

ఆ వరస ఇళ్ళ వెనకే కొండ జారకుండా కట్టిన రాతిగోడ. గోడకి పన్నెండు ప్రిజాలు బిగించి ఉండేవి. లోయకి అవతల ఒక దిమ్మె మీద మిషను పెట్టి వారానికోసారి పన్నెండింటి దూరమూ కొలిచేవారు. గోడ ముందుకు ఉబ్బితే దూరం తగ్గుతుంది, అంతే కథ. వాటి దుమ్ము తుడవడం, పగిలితే మార్చడం గుంజ పని. ఏడో నంబరు ప్రిజం సరిగ్గా అక్క ఇంటి పైన ఉండేది.

ఆ సంవత్సరం ఆఫీసుకి కొత్త ఇంజనీరు వచ్చింది. పాతికేళ్ళ అమ్మాయి, అందరూ చిన్నమేడం అనేవారు. వచ్చిన వారంలోనే ఒక ఫారం తయారుచేసి, ఎక్కడ ఏ ప్రిజం మార్చినా ఏది తీశారో ఏది పెట్టారో అందులో రాయాలంది. గుంజ ఆ కాగితాన్ని చచ్చిన బొద్దింకలా రెండు వేళ్ళతో పట్టుకుని చూశాడు. తను మొదటిసారి కర్ర పట్టేనాటికి ఈవిడగారు పుట్టనే లేదని టీకొట్టులో చెప్పాడు. ఆ ఫారాలను మడిచి, కర్ర సంచిలో ప్రిజం కింద మెత్తగా ఉంటాయని పరిచాడు.

వానలు వెనకబట్టే రోజుల్లో పైనుంచి రాయి జారి ఏడో ప్రిజం అంచు పగిలింది. బీరువాలో పెద్దవి లేవు. ఉన్న చిన్నది బిగించి, పగిలినదాన్ని ఇంటికి పట్టుకుపోయాడు. ఫారం రాయలేదు. పెద్దదానికీ చిన్నదానికీ తేడా ఉంటుందని తెలియక కాదు. గాజులో వెలుగు నెమ్మదిగా నడుస్తుంది, పెద్దదాంట్లో గాజు ఎక్కువ, చిన్నదాంట్లో తక్కువ. ఏది పెట్టామో చెబితే మిషను ఆ మేరకు సర్దుకుంటుంది. చెప్పకపోతే, గోడ వెంట్రుకవాసి కదలకపోయినా పద్దెనిమిది మిల్లీమీటర్లు ముందుకొచ్చినట్టు చూపిస్తుంది. ఆ సంగతి చిన్నమేడమే కనుక్కోవాలని గుంజ పంతం. అంత చదువు చదివింది కదా, చూద్దాం అనుకున్నాడు.

రెండు వారాలు మబ్బు కమ్మి కొలతలు కుదరలేదు. తెరిపిచ్చిన రోజున ఏడో నంబరు దూరం ఇరవై అయిదు మిల్లీమీటర్లు తగ్గింది. చిన్నమేడం మళ్ళీ కొలిచింది, అదే అంకె. మధ్యాహ్నానికల్లా వరస ఇళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళి సామాను సర్దుకోమంది. జనం పరుపులు చుట్టుకుంటుండగా గుంజ సందులోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. ఆ పిల్ల భయపడితే మీరెందుకు హడలి చస్తారు, మారింది గోడ కాదు, నేను పెట్టిన గాజు అన్నాడు. ఆ అమ్మాయి వింటుండగానే అన్నాడు. పదిమందిలో ఆమె పరువు తీసి ఆరేశాడు. సందంతా గొల్లుమంది. పరుపులు మళ్ళీ విప్పుకున్నారు, అక్క కూడా మూటగట్టిన గుడ్డలు తీసి కుట్టు ముందేసుకుంది. ఆ సాయంత్రం టీ గుంజకి మహా రుచిగా ఉంది.

మర్నాడు పొద్దున్న చిన్నమేడం అతన్ని తన బల్ల దగ్గరికి పిలిచింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి హాయిగా ఉండేది. ఏ ప్రిజం పెట్టారని అడిగి, పట్టికలో చూసి, కాగితం మీద తీసివేత వేసి కాగితాన్ని అతని వైపు తిప్పింది.

"పద్దెనిమిది మీ గాజుది. మిగతా ఏడు ఎవరిది?"

గుంజ ఆ కాగితం కేసి చూశాడు. ఇరవై అయిదులోంచి పద్దెనిమిది పోతే ఏడు. చిన్నపిల్లల లెక్క. ఇరవై ఆరేళ్ళ అనుభవం సందులో అంతేసి నవ్వు నవ్విందే కానీ ఈ ఒక్క తీసివేత చెయ్యలేకపోయింది. కట్టిన పన్నెండేళ్ళలో ఆ గోడ మొత్తం కలిపి రెండు మిల్లీమీటర్లు కదిలింది. ఇప్పుడు రెండు వారాల్లో ఏడు. ఏడో నంబరు కింద, కిటికీ పక్కన, ఈపాటికి అక్క కుట్టుకి కూర్చుని ఉంటుంది.

ఇద్దరూ పెద్దసారు గదిలోకి వెళ్ళారు. సందులోని కబురు ఆయనకి నిన్ననే చేరింది. తప్పుడు గాజు వల్ల వచ్చిన తప్పుడు అంకె అని పైవాళ్ళకి చెప్పేసి ఫైలు మూసేశాడు. మేడం ఏడు మిల్లీమీటర్ల మాట ఎత్తితే, తప్పు అంకెలోంచి ఎంత తీసినా మిగిలేది తప్పు అంకేనని సెలవిచ్చాడు. తర్వాత గుంజ వైపు తిరిగాడు.

"ఏమయ్యా, అది గాజే అని ఊరంతా చాటింది నువ్వే కదా?"

ఆయన బుర్రలోని ఖాళీ గురించి అతను ఇన్నేళ్ళూ అన్నవన్నీ నిజమే. ఆ ఖాళీలో ఈ మాట తెచ్చి నింపింది మాత్రం తనే.

బయటికి వచ్చి కర్ర సంచి విప్పాడు. కర్ర మీద ఉన్నది పెద్ద ప్రిజమే, ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ చేత్తో తుడవనివ్వనిది. దాన్ని విప్పి జేబులో వేసుకుని, నిచ్చెన భుజాన పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. చిన్నది తీసేసి తనది బిగించాడు. బిగిస్తుండగా, గోడలో నీళ్ళు పోవడానికి వదిలిన కంతల్లోంచి చిక్కటి బురద కారడం కనబడింది. దిగి మేడంకి ఫోన్ చేశాడు. ఆమె లోయ అవతలి దిమ్మె నుంచి కొలిచి, తొమ్మిది అంది. గంట ఆగి మళ్ళీ కొలిచి, పదకొండు అంది. ఇక గాజు మీదికి నెట్టడానికి ఎవరికీ వీల్లేదు.

పెద్దసారు కోసం చూడకుండా చిన్నమేడం తన సంతకంతోనే, ఇళ్ళు వెంటనే ఖాళీ చెయ్యమని కాగితం పంపింది. కాగితం వచ్చింది కానీ ఎవరూ కదల్లేదు. నిన్న చుట్టి విప్పిన పరుపులు ఇవాళ మళ్ళీ ఎవడు చుడతాడు? ఏమీ లేదని గుంజే చెప్పాడు కదా. గుంజ సందు మధ్యలో నిలబడి, తను చెప్పింది తప్పని చెప్పాడు. జనం పగలబడి నవ్వారు, నిన్న అతను నేర్పిన నవ్వే. చిన్నమేడం చేతిలో బాగా చివాట్లు తిన్నట్టున్నాడని ఒకడన్నాడు.

అక్క గుమ్మంలోనే కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. తలెత్తకుండానే, "నిన్న గాజన్నావు, ఇవాళ గోడంటున్నావు. ఏ పూట మాట నమ్మాలిరా?" అంది.

"ఫారం రాయమంటే పొగరెక్కి రాయలేదక్కా. ఆ పిల్ల ముందు గొప్పవాణ్ణనిపించుకోవాలని ఇంతమందిని గోడ కింద కూర్చోబెట్టాను. గోడ వస్తోంది. నువ్వు లేవకపోతే నేనూ ఇక్కడే ఉంటాను."

అని ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. అతను ఏడవడం ఆ సందులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. అక్క దారం తెంపి, సూది డబ్బాలో పెట్టింది. లేవరా, కుట్టుమిషను ఎత్తుకో అంది. మోకాళ్ళు పట్టుకుని ఆవిడ నడవడం చూసి పక్కింటావిడ పిల్లల్ని తీసుకుని బయల్దేరింది. ఆ తర్వాత ఆ పక్కవాళ్ళు. చివాట్ల మాట అన్నవాడు అందర్నీ దాటుకుని పరుగెత్తాడు.

మూడున్నరకి గోడ వచ్చింది. గుంజ ఎదురు గట్టు మీద నిలబడి చూశాడు. ఏడో నంబరు ఒక్కసారి ఎండకి తళుక్కుమంది, తర్వాత దాన్ని బిగించిన రాళ్ళే లేవు. అక్క ఇల్లూ, అటూ ఇటూ ఇంకో ఆరిళ్ళూ మట్టి కిందికి పోయాయి. లోపల ఎవరూ లేరు.

తమ కార్యాలయం నిరంతరం కనిపెట్టి ఉండటం వల్లే ప్రాణనష్టం తప్పిందని పెద్దసారు నివేదిక రాసుకున్నాడు. తోక సంతకం పెట్టాడు. అనుమతి లేకుండా కాగితం ఇచ్చినందుకు చిన్నమేడంని సంజాయిషీ అడిగాడు. ఫారం రాయనందుకు గుంజకి మెమో వచ్చింది. ఆ మూడు కాగితాల్లో మెమో ఒక్కటే న్యాయంగా ఉందని గుంజ అన్నాడు, సంతకం పెట్టి తీసుకున్నాడు.

అక్క ఇప్పుడు అతనింట్లోనే ఉంటోంది. కిటికీ దగ్గర కుట్టుమిషను వేసుకుంది. ఒక మధ్యాహ్నం గూట్లో ఉన్న అంచు పగిలిన ప్రిజం తీసి, ఒక కన్ను మూసుకుని చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఇదేంట్రా, ఎటు తిప్పినా నా కన్నే కనబడుతోంది?"

"ఎవరు చూసినా అంతే అక్కా. ఎవరికి వాళ్ళే కనబడతారు."

"నువ్వెన్నేళ్ళు చూశావు ఇందులో?"

"ఇరవై ఆరు."

ఆవిడ ప్రిజాన్ని గూట్లో పెట్టేసి, కుట్టుమిషను ముందు కూర్చుని గుడ్డ సర్దుకుంది.

"తెలుస్తూనే ఉంది," అంది.