మూడు ముళ్ల రిబ్బను

సూరత్‌లోని గోడాదరాలో ఉత్త ఊర్మిళ అంటే ఎవరికీ తెలియదు. రిబ్బన్ల ఊర్మిళ అంటే గల్లీ గల్లీకీ తెలుసు. సిరిసిల్ల పక్క పల్లెలో పుట్టి, పద్దెనిమిదేళ్లకే పరుశురాంను చేసుకుని సూరత్ వచ్చింది. అతను సచిన్ అనే ఫ్యాక్టరీల వాడలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గానికి మనవాళ్లు పెట్టుకున్న పేరే సాంచా. పనిమంతుడే, కాదనను. చెయ్యి మాత్రం మహా దురుసు. కూరలో ఉప్పు తక్కువైతే ఒకటి, ఎక్కువైతే రెండు. పదిహేడేళ్ల కాపురంలో ఊర్మిళకు ఎడమ చెవి వినపడకుండా పోయింది. ఎవరైనా అడిగితే నీళ్లు పోయాయని చెప్పేది, అడిగినవాళ్లు నమ్మినట్టు తలూపేవాళ్లు.

ఇంట్లో కూర్చుని రిబ్బన్లు కోయడం ఆమె పని. రింగ్ రోడ్ సేటు దగ్గర పనిచేసే గోపాల్ రిబ్బను చుట్టలు తెచ్చి పడేసేవాడు. చెక్క మీద గీసుకున్న కొలతకు లాగి, కరెంటుతో కాగే తీగకు ఆనిస్తే రిబ్బను తెగుతుంది. అంచు కరిగి అతుక్కుంటుంది కాబట్టి దారాలు ఊడవు. 2020 మార్చిలో గోపాల్ నాలుగు బస్తాలు దించాడు.

"వదినా, ఇది బ్రెజిల్ మాలు. నలభై ఏడు సెంటీమీటర్లు. జర గూడ అటిటు కావద్దు."

"గీ పీలికకు గంత కొలతేంది?"

"అక్కడి దేవుని చెయ్యి గంత పొడుగుంటదట."

దేవుడి చెయ్యి అనగానే ఊర్మిళకు మనసాగలేదు. వారం తిరక్కుండా లాక్‌డౌన్ పడింది. సాంచెలు బంద్, ఓడలు బంద్, మాలు ఇంట్లోనే ఉండిపోయింది. పదకొండో తరగతి చదివే కూతురు హారతి ఫోన్లో వెతికి, తల్లి పక్కన కూర్చుని చదివి వినిపించేది.

బ్రెజిల్‌లో మన దేశంలాంటివి రెండున్నర పడతాయట. ఇక్కడ పక్కనే డామన్‌ను ఏలిన పోర్చుగీసువాళ్లే అక్కడా దిగారు, వాళ్ల భాషే ఇప్పుడు అక్కడ ఇరవై కోట్ల మందికి ఇంటి భాష. అక్కడి బీళ్లలో మేసే తెల్ల ఆవులు మన ఒంగోలు జాతివే, వాటిని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు. నల్ల చిక్కుడు గింజలను మాంసంతో ఉడికించి, అన్నంలో కలుపుకుని, పైన కర్రపెండలం పిండి చల్లుకుని తింటారు. "వాళ్లు గూడ అన్నమే తింటరానే," అని ఊర్మిళ సంబరపడింది. ఆఫ్రికా నుంచి మనుషులను గొలుసులేసి ఓడల్లో తెచ్చి, చెరకు తోటల్లో కొరడాలతో కొట్టి చాకిరీ చేయించారని విన్నప్పుడు మాత్రం తీగ దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఆ బానిసలు తమ దేవుళ్లను దొరల దేవుళ్ల పేర్ల చాటున దాచుకున్నారు. కొట్లాటను ఆటలో దాచుకున్నారు. పాట పాడుతూ, చేతులు నేలకానించి, కాళ్లు తిప్పి తన్నే ఆ విద్యను కపోయిరా అంటారు. హారతి దాని వీడియో పెడితే ఊర్మిళ నాలుగుసార్లు చూసింది.

రిబ్బను సంగతి చివర్లో వచ్చింది. బహియా అనే సీమలో సాల్వడార్ అనే పట్నం, అక్కడ గుట్ట మీద చర్చి. ఏటా జనవరిలో తెల్లబట్టలు కట్టిన ఆడవాళ్లు సువాసన నీళ్లతో దాని మెట్లు కడుగుతారు. అక్కడి దేవుడి చేతి పొడవే ఈ రిబ్బను. మణికట్టుకు రెండు చుట్లు చుట్టి, మూడు ముళ్లు వేసి, ముడికొక కోరిక కోరుకోవాలి. కోయకూడదు, విప్పకూడదు. దానంతట అది చీకి తెగిపడితే కోరికలు తీరతాయి. నడుమ ఎవరైనా కోస్తే అన్నీ మట్టిపాలే.

ఆ వారమే పరుశురాంకు జ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలుతోంది, దగ్గు ఆగడం లేదు. జ్వరమన్న మాట బయటికి పొక్కితే గల్లీ అంతా మీదపడే రోజులవి. ఊర్మిళ బస్తాలోంచి నీలం రిబ్బను తీసి, కుడి మణికట్టుకు చుట్టి, ఒక కొస పళ్లతో పట్టుకుని, మూడు ముళ్లు వేసుకుంది. మొదటి ముడి మొగుడి ప్రాణానికి. రెండోది హారతి కాలేజీకి. మూడోది పక్క గల్లీలో ఉండే నాకూ చెప్పలేదు.

జ్వరం తగ్గింది. లేచి కూర్చున్న మనిషి కంట్లో మొదట పడింది ఆ రిబ్బనే.

"ఎవడేసిండే?"

"నేనే ఏసుకున్న."

"ఆడిది తనకు తానే మూడు ముళ్లేసుకుంటదా? ఒక్క చేత్తోటి ఎట్లేసుకుంటవే?"

మూడు ముళ్లంటే మొగుడు వేసేవే అతనికి తెలుసు. ఆమె మెడలో తాను వేశాడు, మరి చేతికి వేసిందెవడు? బ్రెజిల్ అంది, దేవుడంది, పళ్లతో కట్టుకున్నానంది. ఒక్క ముక్కా ఎక్కలేదు. జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. మణికట్టు పట్టుకుని కాగే తీగ మీదికి లాగాడు, రిబ్బను తెంపుదామని. ఆమె చెయ్యి తిప్పేసింది. రిబ్బను బదులు మోచెయ్యి కాలింది. తోలు కమురు వాసన పక్కింటి లింగవ్వ దాకా పోయింది.

నీ ప్రాణం కోసమే కట్టుకున్నానని ఒక్క మాట అంటే పోయేది కదా అని మీరంటారు. నేనూ అన్నాను. "చెప్తే నెత్తికెక్కి కూసుంటడు," అంది. ఆ మొండితనం ఆమెది. అదీగాక రిబ్బను తెంపితే చచ్చేది తనే అని ఆ దరిద్రుడికి తెలియదు, ఆమెకు తెలుసు. అతణ్ని బతికించడానికి అతని చేతి దెబ్బలే తింది.

అంతకుముందు అన్నీ ఇచ్చేసిన మనిషి ఊర్మిళ. వెండి పట్టీలు అడిగితే ఇచ్చింది, దాచుకున్న పైసలు ఇచ్చింది. ఈ పీలిక దగ్గర మాత్రం తగ్గలేదు. ఏప్రిల్‌లో ఊరికి పంపమని రోడ్డెక్కిన గుంపులో పరుశురాం కూడా ఉన్నాడు. వీపు మీద లాఠీ వాతలతో ఇంటికొచ్చి, ఆ కసంతా ఆమె వీపు మీద తీర్చుకున్నాడు. ఆమె కుడిచెయ్యి కడుపు కింద పెట్టుకుని బోర్లా పడుకుని, కట్టె విరిగే దాకా ఓర్చుకుంది. ఇంకో మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు కత్తెర తెచ్చాడు. చల్లటి ఇనుము తగలగానే లేచి అతని బొటనవేలు కరిచింది. నోట్లో రక్తం వచ్చినా వదల్లేదు.

ఆఖరి కొట్లాట దీపావళి ముందు జరిగింది. వంటింటి మూలకు నెట్టి, మెడ మీద మోకాలు పెట్టబోయాడు. ఊర్మిళ రెండు చేతులూ నేలకానించి, నడుము తిప్పి, ఉన్న బలమంతా పెట్టి కాలు ఝాడించింది. మడమ వెళ్లి దవడకు తగిలింది. పరుశురాం బస్తాల మీద వెల్లకిలా పడ్డాడు, ముందు పన్ను ఊడి రిబ్బన్ల మధ్య దొరికింది. వారం దాకా గంజే తాగాడు. తర్వాత చెయ్యెత్తేముందు ఆమె కాళ్లు ఎక్కడున్నాయో చూసుకునేవాడు. అయినా తిట్టు ఆగలేదు, రిబ్బను మీద కన్నూ పోలేదు.

2021 ఏప్రిల్‌లో పరుశురాంను అసలైన కరోనా పట్టుకుంది. బ్రెజిల్‌లో వరసగా తవ్విన గోతులను ఏడాదిగా ఫోన్లో చూసినవాళ్లకు, ఇక్కడ శ్మశానాల ముందు వరసలు కళ్లెదుటే కనిపించాయి. ఆసుపత్రిలో మంచం దొరకలేదు. ఇంట్లోనే పడుకోబెట్టి, ఎక్కడెక్కడో తిరిగి ఆక్సిజన్ సిలిండరు తెచ్చారు. అంత ఆయాసంలోనూ పరుశురాం ఆమె చెయ్యి చూసి, "అది... తెంపు... ముండా," అన్నాడు.

హారతికి ఇక ఓపిక చచ్చిపోయింది. "తెంపమంటవా బాపూ? మొదటి ముడి నీ పానం కోసమే ఏసుకుంది అమ్మ. ఎవలన్న తెంపితే నువ్వే పోతవ్. ఏడాది సంది నీ గొంతు నువ్వే కోసుకుంటున్నవ్, తెల్వదా?"

పరుశురాం రిబ్బను వైపు చూశాడు. నీలం వెలిసి బూడిదైంది. సూరత్ పాలిస్టరు కాబట్టి అంత కాలం ఆగింది గానీ, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. అప్పటినుంచి ఆ మనిషి కళ్లు దాన్ని వదల్లేదు. ఊర్మిళ తీగ ముందు కూర్చుని కొత్త మాలు కోస్తుంటే, ఆ చెయ్యి తీగ దగ్గరికి పోయినప్పుడల్లా మూలుగుతూ లేవబోయేవాడు. "జర పైలం," అనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె వినని మాట అది. ఆమె కోస్తూనే ఉండేది. చెయ్యి పక్కకు జరిపేది కాదు.

బతికాడు. జూన్‌లో గిన్నెలు తోముతుంటే రిబ్బను దానంతట అదే తెగి, సబ్బు నీళ్లలో కొట్టుకుపోయింది. ఖాళీ మణికట్టు చూడగానే తన ప్రాణానికి కాపలా పోయిందనుకున్నాడు పరుశురాం. గోడ పట్టుకుని నడిచి, మూలనున్న పాత బస్తాలోంచి తెల్ల రిబ్బను తీసి ఆమె ముందు పెట్టాడు.

"కట్టుకో."

ఊర్మిళ చేతులు తుడుచుకుంది. అతని కళ్లలోకి చూస్తూ, కొస పళ్లతో పట్టుకుని, నిదానంగా ఒకటి, రెండు, మూడు ముళ్లు బిగించింది.

"మొదటిది ఎవలకు?" అన్నాడు.

"నీకెందుకు?"

ఆ రోజు నుంచి పరుశురాం చెయ్యెత్తలేదు. కరోనా బుద్ధి చెప్పిందని లింగవ్వ అంటుంది. మొదటి ముడికి పెళ్లాం తన చావే కోరుకుందేమోనని అతనికి ఒక్కరోజూ కంటినిండా నిద్ర లేదు. ఒకవేళ తన ప్రాణానికే కట్టుకుని ఉంటే? విప్పమని అడగలేడు, కోయలేడు.

కాలేజీలో చేరిన రోజు హారతి తల్లిని పక్కకు పిలిచి అడిగింది, "ఈసారి ఏం కోరుకున్నవమ్మా?"

"ఏం కోరుకోలే బిడ్డా," అంది ఊర్మిళ, రిబ్బను కొలతకు లాగుతూ. "ఊకెనే ముళ్లేసిన."