ఉప్పునీళ్ల ఒప్పందం

నా చిన్నప్పుడు మా తండాలో ఎవరి మాటైనా నమ్మడానికి చెంబెడు నీళ్లు, పిడికెడు ఉప్పు ఉంటే చాలు. మాట ఇచ్చే మనిషి ఉప్పును పిడికిట్లో పట్టుకుని, చెప్పవలసింది అందరి ముందూ చెప్పి, నీళ్లలో వదిలేవాడు. మాట తప్పితే నేనూ నా వంశమూ ఇలాగే కరిగిపోవాలని దానికి అర్థం. మా పూర్వీకులు ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి అమ్మినవాళ్లు. వాళ్లకు కాగితం తెలియదు, ఉప్పు తెలుసు.

మాది శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోయే దారిలో, రోడ్డుకు బాగా లోపల, గుట్ట కింద ఉన్న లంబాడీ తండా. ఇంట్లో మాది వేరే బాస. ఊరివాళ్లతో మేము మాట్లాడే తెలుగులోనే మా వాళ్ల మాటలు కూడా ఇక్కడ రాస్తున్నాను.

మా తాత తండాకు నాయక్, అంటే పెద్ద. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు, గుట్ట ఎవరిదనే గొడవలో తండావాళ్లూ ఊరివాళ్లూ తలలు పగలగొట్టుకున్నారట. రెండు వైపులా శవాలు లేచాక, ఊరి పెద్ద పటేలు, మా తాత సరిహద్దు రాయి దగ్గర కూర్చుని ఒక చెంబులో ఇద్దరూ ఉప్పు వేశారు. గుట్ట, దాని మీది గడ్డి, కింది కుంట తండావి. చెలకలు, అంటే మెట్ట చేలు, ఊరివి. వాళ్ల గొడ్డలి మా చెట్టు మీద పడకూడదు, మా గొడ్డలి వాళ్ల గడప దాటకూడదు. ఏటా తొలకరి పడిన రోజు తాత పటేలు వాకిట్లోకి వెళ్లి ఆ హద్దులన్నీ నోటితో చెప్పేవాడు. పటేలు వింటూ తల ఊపేవాడు. తర్వాత ఇద్దరూ మళ్లీ ఉప్పు వేసేవాళ్లు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి తాత వెంట ఆ చెంబు మోసింది నేనే.

తొంభైలు వచ్చేసరికి మా వైపు భూములకు రెక్కలు వచ్చాయి. కీసర చుట్టూ జొన్న చేలల్లో తెల్లటి హద్దురాళ్లు మొలిచాయి. పెద్ద పటేలుకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు, పెత్తనం కొడుకు చేతికి వచ్చింది. కొడుకు పటేలు మా గుట్టను ప్లాట్లు వేసేవాళ్లకు అమ్మేశాడు. తాత వెళ్లి ఉప్పు సంగతి గుర్తు చేస్తే, అది ఏ ఆఫీసుల రిజిస్ట్రీ అయిందో చెప్పమని అడిగి, పక్కనున్న వాళ్లతో కలిసి నవ్వాడట. తాత ఇంటికి వచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆ ఎండాకాలమే వాళ్లు వచ్చారు. పొద్దున యాడి, అంటే మా అమ్మ, నాకు జడ వేస్తోంది. ట్రాక్టర్ల చప్పుడు వినిపించింది. వెనుక బుల్డోజర్, దాని చుట్టూ కర్రలు, గడ్డపారలు పట్టుకున్న మనుషులు. యాడి నన్ను ఎత్తి జొన్నలు పోసుకునే వెదురు గుమ్మిలో దించి, మీద చాట మూసింది. గుమ్మి సందుల్లోంచి నేను చూశాను. చూడకుండా ఉండవలసింది.

తాతను గుడిసెలోంచి ఈడ్చుకొచ్చారు. ఉప్పు వేసిన చెయ్యి ఏదని ఒకడు అడిగాడు. తాత కుడిచెయ్యి చాపి చూపించాడు. ఎందుకు చూపించాడో నాకు ఇప్పటికీ తెలియదు, బహుశా అడిగినదానికి నిజం చెప్పడం తప్ప ఆయనకు వేరే అలవాటు లేదు. ఆ చేతిని రోలు మీద పెట్టించి గడ్డపారతో కొట్టారు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. మా బాబాయి పరుగెత్తుకొస్తుంటే వెనుక నుంచి తల మీద కర్ర పడింది. పడ్డాక కూడా కొడుతూనే ఉన్నారు. అడ్డం వెళ్లిన యాడిని జుట్టు పట్టి లాగితే, ఆమె రవికెకు కుట్టుకున్న గవ్వలు తెగి మట్టిలో చెల్లాచెదురయ్యాయి. తర్వాత గుడిసెలకు నిప్పు పెట్టారు. దొడ్లో కట్టేసిన మేకలు మనుషుల్లాగే అరుస్తూ కాలిపోయాయి. మా గుడిసె అంటుకునే ముందు యాడి పాక్కుంటూ వచ్చి నన్ను గుమ్మితో సహా దొర్లించి బయట పడేసింది.

బాబాయి సికింద్రాబాద్ పెద్దాసుపత్రికి చేరకముందే ఆటోలో మా నాయిన ఒళ్లో చనిపోయాడు. ఆ సాయంత్రం పోలీసులు వచ్చారు. మేమే వాళ్ల మీద పడ్డామని కేసు అయిందట. ఒంటి మీద తమ్ముడి నెత్తురు ఆరకముందే నాయినను, మరికొందరు పడుచువాళ్లను వ్యాన్ ఎక్కించారు.

ఇక మా మేనత్త గురించి చెప్పాలి. నాయినకు అక్క, తాతకు పెద్ద బిడ్డ. మొగుడు పోయాక కూలి చేసుకుంటూ, పట్నంలో ఒక సంఘం మీటింగులకు వెళ్లేది. అక్షరం రాదు. కానీ ఒకసారి విన్నది మరచిపోదు, చెప్పిందంటే వినేవాడు కదలడు. ఆ సంఘంవాళ్లు జెనీవా అనే ఊరికి ఆమెను తీసుకుపోయారు. కొండల్లో, అడవుల్లో, మంచు దేశాల్లో ముందునుంచీ ఉన్న జాతుల వాళ్లు ఏటా అక్కడ కూడి, దేశాల ప్రతినిధుల ఎదురుగా కూర్చుని తమ ఒప్పందాల గురించి, తమ మీద తమకే ఉండవలసిన అధికారం గురించి మాట్లాడతారట. అంతకు ముందు మా మేనత్త పట్నం దాటి దూరం పోయింది లేదు.

తిరిగి వచ్చాక తండా అంతా ఆమె చుట్టూ చేరింది. విమానం గురించి, చలి గురించి అడిగారు. అక్కడి కూడు సప్పగా ఉంటే కొంగున కట్టుకుపోయిన ఉప్పే చల్లుకుని తిన్నానని చెప్పి అందరినీ నవ్వించింది. మంటలు ఆరాక తండాలో నవ్వు వినిపించడం అదే మొదలు. మరి అక్కడ ఏం మాట్లాడావని తాత అడిగాడు. తిట్టలేదు, ఏడవలేదు అంది. తాత ఏటా పటేలు వాకిట్లో చెప్పినట్టే గుట్ట హద్దులు చెప్పి, వాళ్ల ముందు గ్లాసు నీళ్లలో ఉప్పు వేసి, ఇది మా ఒప్పందం అని కూర్చుందట.

అక్కడ ఆమెకు ఒక చలి దేశపు ముసలమ్మ దోస్తీ అయింది. ఒకరి బాస ఒకరికి రాదు. ఆ ముసలమ్మ మేనత్త రవికె మీది గవ్వలను తడిమి చూసి, సంఘంవాళ్ల చేత చెప్పించిందట. ఆమె జాతికీ ఒక రాజుకూ మధ్య ఎన్నో తరాల కింద జరిగిన ఒప్పందాన్ని గవ్వపూసల పట్టీగా అల్లి దాచుకున్నారు. రాజు తర్వాత వచ్చినవాళ్లు మాట తప్పారు, నేల గుంజుకున్నారు, మనుషులను చంపారు. అయినా వాళ్లు ఆ పట్టీని బయటికి తీసి, అవతలివాళ్లను పిలిచి, అందులో ఉన్నది చెప్పి వినిపిస్తూనే ఉన్నారు. ఎందుకని మేనత్త అడిగితే ఆ ముసలమ్మ, మేము ఇంకా తప్పలేదు కాబట్టి అందట.

దేశాల సభలో మా గుట్ట మాట వచ్చినందుకు ఢిల్లీ వాళ్లు ఇక్కడి వాళ్లను అడిగారు. ఇక్కడి వాళ్లు కింది వాళ్లను అడిగారు. చివరికి ఒకరోజు మా తండాకు జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు, మీ ఒప్పందం ఏమిటో, ఎలా చేస్తారో నేను చూడాలి అన్నాడు. తొలకరికి రమ్మంది మేనత్త.

నాయిన జైలు నుంచి వచ్చేసరికి మళ్లీ ఎండాకాలం. మనిషి సగమయ్యాడు. కాలిన గుడిసె జాగాలో కూర్చుని గొడ్డలి నూరేవాడు. జైలు నుంచి వచ్చిన పడుచువాళ్లు ఆయన చుట్టూ కూర్చునేవాళ్లు. కొడుకు పటేలు తల తెస్తారని తండాలో పిల్లలకు కూడా తెలుసు. మేనత్త వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

“ఆళ్లు తప్పిన్రు తమ్మీ, మనం తప్పలే. మన గొడ్డలి ఆళ్ల గడప దాటితే మన చేతులతోని మనమే గా ఒప్పందాన్ని సంపినట్టు. ఇగ ఏ సభల అడుగుత నేను?”

“సచ్చింది నా తమ్ముడక్కా,” అన్నాడు నాయిన.

“మరి నాకేమైతడు గాడు?”

తొలకరి రోజు ఉప్పు వేయడానికి నీవే రావాలి, తాత చెయ్యి పనిచేయదు కదా అని ఆమె అడిగితే నాయిన వెంటనే సరే అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకే, ఆయన మనసులో ఏముందో ఆమెకు అర్థమై ఉంటుంది.

వాన మధ్యాహ్నం మొదలైంది. చినుకులకు అందరం గొంగళ్లు కప్పుకుని బయలుదేరాం. చెంబు నా చేతిలో ఉంది. ఆఫీసరు జీపు పటేలు ఇంటి ముందు ఆగి ఉంది. కొడుకు పటేలు అరుగు మీద నిలబడ్డాడు, చుట్టూ కర్రలవాళ్లు ఉన్నారు. జీపును చూసి కూడా అతనికి జంకు లేదు.

“ఏందే, ఇమానమెక్కి పోయి గీ ఉప్పు దుకాణం తెచ్చినవా?” అన్నాడు మేనత్తతో.

మేనత్త, తాత చెప్పినట్టే హద్దులు చెప్పడం మొదలుపెట్టింది. తూర్పున సరిహద్దు రాయి, పడమట నల్లబండ. చెప్పడం పూర్తయ్యాక కొంగు ముడి విప్పి ఉప్పు తీసి, తమ్ముడి వైపు తిరిగి, కుడిచెయ్యి పట్టమంది.

నాయిన కుడిచెయ్యి గొంగడి లోపల ఉంది. నేను పొట్టిదాన్ని కాబట్టి గొంగడి అంచు కింది నుంచి నాకు కనిపించింది. కర్ర పీకేసిన గొడ్డలి, దాని అంచునే పట్టుకుని ఉన్నాడు. దారి పొడుగునా ఎంత గట్టిగా పట్టుకున్నాడో, వేళ్ల సందుల నుంచి నెత్తురు కారుతోంది. అక్క మళ్లీ చెయ్యి అడిగింది. నాయిన గొడ్డలిని మొలతాట్లో దోపుకుని, తెగిన అరచెయ్యి బయటికి చాపాడు. మేనత్త ఆ నెత్తురు చూసింది. చూసి కూడా ఉప్పు అందులోనే పోసి, వేళ్లు తానే మూసింది.

అప్పుడే కొడుకు పటేలు దిగివచ్చి నా చేతిలోని చెంబును తన్నాడు. నీళ్లన్నీ నేలపాలయ్యాయి. నీళ్లు తెమ్మని మేనత్త నాకు చెప్పింది. వాకిట్లో ఉన్న నీళ్ల గోలెం దగ్గరికి నేను పరుగెత్తుతుంటే, వెనుక ఆమె భుజం మీద కర్ర పడిన చప్పుడు వినిపించింది. నేను చెంబు నింపుకుని వచ్చేసరికి ఆమె నుదురు పగిలి మోకాళ్ల మీద ఉంది. మళ్లీ కొట్టారు. ఆఫీసరు అరుస్తూ జీపు దిగాడు. మా పడుచువాళ్లంతా నాయిన చెయ్యి వైపే చూస్తున్నారు. ఆ పిడికిలి విప్పి ఉప్పు పారేస్తే చాలు, అక్కడ ఎవరూ మిగలరు. నాయిన తెగిన చేతిలో ఉప్పు కరిగి ఎర్రగా కారుతోంది. అక్కను తన కళ్ల ముందే కొడుతుంటే, ఆయన ఆ మంటను పిడికిట్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో లోపలి నుంచి పెద్ద పటేలు కోడలు వచ్చింది. ఎప్పుడూ వాకిట్లోకి రాని మనిషి. దోసిట్లో ఉప్పు ఉంది.

“వాన సప్పుడు ఇని, తొలకరా అని మామ అడిగిండు. అవునన్న. ఉప్పు పంపిండు,” అంది.

మొగుడు ఆమె చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. ఆమె దోసిలి మాత్రం విప్పలేదు. నడిచి వచ్చి, నా చేతిలో ఉన్న చెంబులో ఆ ఉప్పు వదిలింది. అప్పుడు నాయిన తన పిడికిలి చెంబు మీదికి తెచ్చి విప్పాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆఫీసరు తన కళ్లతో చూశాడు. ఇక కర్రలవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

గుట్ట మొత్తం దక్కలేదు. రోడ్డు వైపు సగం పోయింది, కుంట ఉన్న సగం తండాకు నిలిచింది. బాబాయిని చంపినవాళ్లలో కొందరు జైలుకు పోయారు, కొందరు పోలేదు. తాత ఆ చేత్తో మళ్లీ ముద్ద తినలేదు. నాయిన గొడ్డలికి కర్ర బిగించి ఇస్తే, యాడి దానితో పొయ్యిలోకి కట్టెలు కొట్టుకుంది. మేనత్త, నుదుటి మీద మచ్చతోనే, ఆ దేశాల సభకు ఇంకా కొన్నిసార్లు వెళ్లింది. చాలా ఏళ్లకు దేశాలు కూడి మూలజాతుల హక్కులను ఒప్పుకుంటూ ప్రకటన చేశాయని సంఘంవాళ్లు చెప్పినప్పుడు, ఆ చలి దేశపు ముసలమ్మ ఇంకా బతికి ఉందా అని అడిగింది.

నాయిన పోయినప్పుడు స్నానం చేయిస్తూ ఆయన కుడి అరచేతిని తెరిచి చూశాను. అడ్డంగా తెల్లటి గీత. జుట్టు నెరవడం మొదలయ్యాక నేను అక్షరాలు నేర్చుకున్నాను, ఇప్పుడు కాగితాలూ చదవగలను. కానీ మా ఒప్పందం ఎక్కడ రాసి ఉందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ గీతే.

పటేలు ఇల్లు ఇప్పుడు లేదు. అక్కడ పెద్ద గేటు, లోపల వరసగా ఒకే తీరు ఇళ్లు. పటేలు వంశంవాళ్లు అందులోనే ఎక్కడో ఉంటారట. తొలకరి పడిన రోజు నేను చెంబు తీసుకుని ఆ గేటు దగ్గరికి వెళతాను. కాపలా మనిషి మొదట్లో తరిమేవాడు, ఇప్పుడు కుర్చీ వేస్తున్నాడు. హద్దులన్నీ ఒకసారి చెప్పి, నా పిడికెడు ఉప్పు నీళ్లలో వేస్తాను. వాళ్ల పిడికెడు కోసం వాన వెలిసేదాకా కూర్చుంటాను.