తెరుచుకోని గేటు

హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి కూర్చోగానే పక్క సీట్లో అమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టింది. "మేడమ్, ఈ గేమ్ కాసేపు ఆడతారా?"

నాకు గేములు రావన్నాను.

"రానివాళ్ళే కావాలండీ."

ముందు మామిడికాయల లారీ ఉండి బస్సు నెమ్మదిగా పోతోంది. తెరమీద ఒక తోట, మూసిన గేటు. ఎక్కడ నొక్కినా అది తెరుచుకోలేదు. ఎలాగమ్మా అంటే చెప్పదు. రెండు చేతులూ చున్నీలో చుట్టుకుని నా వేలినే చూస్తోంది.

"నువ్వు చేసిందేనా?" కాస్త విసుగ్గానే అడిగాను.

"కాదండీ, మా గ్రూపులో ఒకాయనది. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నేను చేసిన గేమ్‌ని ఆయన వాళ్ళ ఊళ్ళో ఇలాగే ఆడిస్తున్నారు. మన దగ్గర గేములు చేసేవాళ్ళం కొద్దిమందిమే కదా, ఒకరిదొకరం చూసుకుంటాం. ఎవరిది వాళ్ళు ఆడిస్తే చెయ్యి ఊరుకోదు, చూపించేస్తాం. రేపు ఆడేవాళ్ళ పక్కన మనం ఉండం కదండీ."

నూజివీడు వచ్చింది. నావల్ల కాలేదని ఫోన్ ఇచ్చేశాను.

"ఎక్కడ ఆగిపోయారో తెలిసింది, చాలండీ" అంది.

నేను బడిలో లెక్కలు చెబుతాను. ఈమధ్య బోర్డు దగ్గర పిల్లలెవరైనా ఆగిపోతే, సుద్దముక్క అందుకోబోయిన చేతిని కొంగులో చుట్టుకుంటున్నాను.