బీరు క్యానుకి చలేసిందని

బహ్రెయిన్‌లోని అద్లియాలో హోటల్ డ్యూటీ ముగించుకుని మధ్యాహ్నం గదికొచ్చాను. తలుపు గట్టిగా తోస్తే గానీ తెరుచుకోలేదు. లోపలి నుంచి కింది సందులో తువ్వాలు కుక్కి ఉంది. గదంతా బొగ్గుల వాసన. నాతో ఉండే సత్తన్న, జగిత్యాల మనిషి, కుంపటి పక్కనే ఒరిగిపోయి ఉన్నాడు. ఆయన దుప్పటేమో నీళ్ల క్యానుకి చుట్టి ఉంది.

ఆ క్యానులో పది రోజులుగా దొంగచాటుగా బీరు పులియబెడుతున్నాడు. ఈ వారం చలిగాలికి పొంగడం ఆగిపోయిందని, వేడి తగలాలని బొగ్గులు రాజేశాడు. మనిషి కంటే క్యానుకే ఎక్కువ చలేసినట్టుంది!

కిటికీ తెరిచి, ఆయన్ని వరండాలోకి ఈడ్చాను. గాలి తగిలాక కళ్లు తెరిచి వాంతి చేసుకున్నాడు.

“లే అన్నా, ఆస్పత్రికి పోదాం.”

“వద్దు తమ్మీ. ఏమైందని అడుగుతరు. గదికొచ్చి క్యాను చూస్తరు. ఖలాస్, ఇంటికి తోలుతరు.”

బీరంతా బాత్రూంలో పారబోశాను. అయినా ఆయన ఆస్పత్రికి కదల్లేదు.

ఇప్పుడు సాయంత్రమైంది. పావుగంటకోసారి పేరు పెట్టి పిలుస్తున్నాను. పలుకుతున్నాడు, కానీ ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యంగా. అంబులెన్సుకి ఫోన్ చేశాను, వస్తోంది. ఆయనకింకా చెప్పలేదు.

మీరైతే ఇంతసేపు ఆగేవారా?